సంతాన శక్తికి మూలం శిరస్సులో

సంతానం కలగలేదని వచ్చే దంపతులను, వయస్సు వచ్చినా బిడ్డలో యౌవన లక్షణాలు కనబడలేదని దిగులుపడే తల్లిదండ్రులను నలభై సంవత్సరాలుగా చూస్తున్నాను. వారందరి ప్రశ్న ఒక్కటే: "గర్భాశయంలో దోషమా, బీజంలో దోషమా?" శిరస్సు సంగతి ఎవరూ అడగరు. వారిని తప్పుపట్టను. గురుకులంలో పన్నెండేళ్ళు శాస్త్రం చదువుకొని, రాజమహేంద్రవరంలో వైద్యశాల పెట్టుకున్న నేను కూడా చాలాకాలం ఆ ప్రశ్న వేయలేదు. వేయకపోవడం వల్ల ఒక పిల్లవాడికి రెండేళ్ళు నష్టం కలిగింది. ఆ సంగతి దాచకుండా చెబితే మరొక ఇంటికైనా మేలు కలుగుతుందని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పాలు మాడినా తెలియని పిల్లవాడు

2001 వేసవిలో కోనసీమ నుండి ఉపాధ్యాయ దంపతులు తమ కుమారుని వెంటబెట్టుకొని వచ్చారు. పంతొమ్మిదేళ్ళవాడు. పొడగరి, కాళ్ళూ చేతులూ పొడవైనవి. మీసం మొలవలేదు. గొంతు పదేళ్ళ బాలునిది. కళాశాలలో తోటివారు ఎగతాళి చేస్తున్నారని నోరు విప్పడమే మానుకున్నాడు. నేనడిగిన ప్రతి ప్రశ్నకూ తల్లే జవాబు చెప్పింది.

నాడి చూశాను, నాలుక చూశాను, ఆకలి, నిద్ర, మలమూత్రాలు విచారించాను. శుక్రధాతు క్షీణత అని నిర్ణయించాను. అశ్వగంధ పాలలో కాచి ఇప్పించాను. మినప సున్నుండలు, ఆవు నెయ్యి, అభ్యంగన స్నానం చెప్పాను. ఒక మండలం, మరొక మండలం, ఇంకొకటి. ఇట్లా దాదాపు రెండేళ్ళు గడిచాయి. వాడికి ఒళ్ళు వచ్చింది, చర్మం నిగనిగలాడింది. గొంతు మాత్రం మారలేదు. ఆ తండ్రికి నా మీద ఎంత నమ్మకమంటే, ఒక్కసారి కూడా "ఎందుకు గుణం కనబడలేదు?" అని అడగలేదు. ఆ నమ్మకమే ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఒకనాడు మందులు కట్టించుకుంటూ ఆ తల్లి మాటవరసకు అన్నది: "వీడు వంటింట్లోనే కూర్చుని చదువుకుంటాడండీ. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడినా లేవడు. అంత పరధ్యానం."

నేను వాడివైపు తిరిగి, "నీకు వాసన తెలియదా నాయనా?" అన్నాను.

వాడు కాస్త ఆలోచించి, "చిన్నప్పటి నుంచీ తెలియదండీ. అందరూ మల్లెపూల వాసన అంటే ఏదో మాటకంటారనుకునేవాణ్ణి" అన్నాడు.

తల్లి ఒప్పుకోలేదు. "తాలింపులో మిరపకాయ పడితే దగ్గుతాడు కదండీ, హారతి కర్పూరం ముక్కు దగ్గర పెడితే చల్లగా ఉందంటాడు కదండీ" అన్నది. ఆమె పొరపాటు సహజమైనది. మిరప ఘాటును, కర్పూరపు చల్లదనాన్ని మెదడుకు చేర్చేది ముఖానికి సంబంధించిన మరొక నాడి. వాసనను చేర్చే నాడి వేరు. మల్లె, కాఫీ పొడి, యాలకులు, మాడిన పాలు వంటివి తెలిస్తేనే వాసన తెలుస్తున్నట్లు లెక్క.

యౌవనం రాకపోవడం, వాసన తెలియకపోవడం ఒకే మనిషిలో కలిసి ఉండే వ్యాధి ఒకటున్నదని ఆధునిక వైద్య గ్రంథంలో అంతకు కొంతకాలం ముందే చదివి ఉన్నాను. చదివినది చికిత్సలో గుర్తుకు రాకపోతే చదివి ఏమి లాభం? మరునాడే ఆ పిల్లవాణ్ణి హార్మోన్ల నిపుణుని వద్దకు పంపాను. రక్తంలో టెస్టోస్టిరాన్ చిన్నపిల్లల స్థాయిలో ఉన్నది. దానిని పుట్టించమని వృషణాలను ఆజ్ఞాపించే పీయూష గ్రంథి హార్మోన్లు కూడా చాలా తక్కువగా ఉన్నాయి. లోపం వృషణాలదే అయితే ఈ ఆజ్ఞలు ఎక్కువగా ఉండవలసింది. అంటే దోషం క్రింద లేదు, పైన ఉన్నది. మెదడు చిత్రం తీస్తే వాసనకు సంబంధించిన భాగాలు ఏర్పడనే లేదని తేలింది. దీనిని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. 1944లో ఫ్రాంజ్ కాల్‌మన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇది కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తున్నట్లు వివరించడం వల్ల ఆ పేరు వచ్చింది.

పీయూష గ్రంథికి పైవాడు

మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి వ్రేలాడుతూ ఉంటుంది. ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే రెండు హార్మోన్లను అది రక్తంలోకి వదులుతుంది. స్త్రీలలో అండం పక్వం కావడానికీ విడుదల కావడానికీ, పురుషులలో శుక్రకణాల ఉత్పత్తికీ టెస్టోస్టిరాన్ తయారీకీ ఇవే ఆధారం. చాలాకాలం దీనినే గ్రంథులకు రాజు అనుకున్నారు. బ్రిటన్‌కు చెందిన జాఫ్రీ హారిస్ ఆ అభిప్రాయాన్ని మార్చాడు. 1952లో ఆయన, డోరా జాకబ్సన్ కలిసి ఎలుకల పీయూష గ్రంథిని తొలగించి, మరొక గ్రంథిని మెదడు క్రింద వేరొక చోట అమర్చితే అది పనిచేయలేదు. హైపోథలామస్ అనే భాగానికి సరిగ్గా క్రింద అమర్చితే మాత్రం పనిచేసింది. ఆ ఎలుకలు గర్భం కూడా ధరించాయి. హైపోథలామస్ నుండి పీయూష గ్రంథికి దిగే సన్నని రక్తనాళాల ద్వారా ఏదో సందేశం వస్తున్నదని దీనివల్ల రుజువైంది.

ఆ సందేశమేమిటో 1971లో తెలిసింది. ఆండ్రూ షాలీ పందుల మెదళ్ళ నుండి, రోజర్ గిల్మాన్ గొర్రెల మెదళ్ళ నుండి దానిని వేరుచేశారు. లక్షకు పైగా మెదడు ముక్కలను వడగడితే చిక్కిన పదార్థమది. పది అమైనో ఆమ్లాలు గల చిన్న గొలుసు. దాని పేరు జి.ఎన్.ఆర్.హెచ్. వీరిద్దరికీ 1977లో నోబెల్ బహుమతి లభించింది.

దీనిని స్రవించే నాడీకణాలు ఎన్ని అనుకుంటున్నారు? మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, వానిలో ఇవి వెయ్యి నుండి రెండువేలు మాత్రమే. వంశం నిలబడడం ఈ గుప్పెడు కణాల మీద ఆధారపడి ఉన్నది.

ఇంతకంటె విశేషం, ఈ కణాలు మెదడులో పుట్టవు. పిండం తొలి మాసాలలో ఉన్నప్పుడు ముక్కు ప్రాంతంలో పుట్టి, వాసన నాడుల వెంట నడచి మెదడులోకి ప్రవేశిస్తాయి. 1989లో ఎలుక పిండాలలో ఈ ప్రయాణాన్ని కనుగొన్నారు. కాల్‌మన్ వ్యాధి గల మానవ పిండంలో ఇవి దారిలోనే నిలిచిపోయి ఉండడం కూడా అదే సంవత్సరం గమనించారు. వాసన నాడి సరిగా ఏర్పడకపోతే వీనికి దారి ఉండదు. మా పిల్లవాడికి పాలు మాడిన వాసన తెలియకపోవడానికీ, మీసం రాకపోవడానికీ కారణం ఒక్కటే. నేను వాడి నాడి పట్టుకున్న నాటికి పంతొమ్మిదేళ్ళ క్రితమే, తల్లి గర్భంలోనే, ఆ కథ జరిగిపోయింది. రాని కణాలను ఏ లేహ్యమూ రప్పించలేదు.

గంట మోగే తీరు

జి.ఎన్.ఆర్.హెచ్. ఎంత స్రవించిందన్నదే కాదు, ఎట్లా స్రవించిందన్నది ముఖ్యం. అమెరికాలో ఎర్న్‌స్ట్ నోబిల్ అనే శాస్త్రజ్ఞుని బృందం కోతులపై ప్రయోగాలు చేసి 1978లో దీనిని నిరూపించింది. సహజ స్రావం ఆగిపోయిన కోతులకు గంటకొకసారి కొద్ది నిమిషాలపాటు ఈ హార్మోను ఎక్కిస్తే పీయూష గ్రంథి మేల్కొన్నది. ఆగకుండా ఎక్కిస్తే కొన్నాళ్ళకు నిద్రపోయింది.

గుడి గంట వేళకు మోగితే ఊరంతా వింటుంది. రాత్రింబవళ్ళు ఆపకుండా మోగితే ఎవరూ చెవినిపెట్టరు. పీయూష గ్రంథి స్వభావం కూడా అంతే. ఆరోగ్యవతియైన స్త్రీలో అండం పెరిగే రోజులలో ఈ గంట సుమారు 60 నుండి 90 నిమిషాలకొకసారి మోగుతుంది. అండం విడుదలైన తరువాత నెమ్మదిస్తుంది. వేగంగా మోగితే ఎల్.హెచ్., నెమ్మదిగా మోగితే ఎఫ్.ఎస్.హెచ్. ప్రధానంగా వెలువడతాయి. అండాశయాలలో నీటిబుడగల సమస్య ఉన్న అమ్మాయిలలో చాలామందికి ఈ గంట వేగం ఎక్కువగా ఉండడమూ, ఎల్.హెచ్. పెరిగి ఉండడమూ చూస్తాము.

ఈ గుణాన్ని వైద్యంలో రెండు విధాలుగా వాడుకుంటున్నారు. గంటల వ్యవధిలో చిన్న పంపు ద్వారా ఇచ్చి అండం విడుదలయ్యేటట్లు చేయవచ్చు. నిరంతరం పనిచేసే మందుగా ఇచ్చి, ఆరేడేళ్ళకే వచ్చిపడే బాల్య రజస్వలత్వాన్ని నిలుపవచ్చు. ప్రోస్టేట్ కాన్సర్‌లో టెస్టోస్టిరాన్‌ను అణచడానికి ఇచ్చేది కూడా ఈ రెండవ పద్ధతిలోనే.

ములుకోల, పగ్గం

ఇక్కడ శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు ఎదురైంది. అండాశయం నుండి వచ్చే ఈస్ట్రోజన్ ఎంత ఉన్నదో చూసుకొని మెదడు తన గంటను సవరించుకుంటుంది. కాని జి.ఎన్.ఆర్.హెచ్. కణాలకు ఆ ఈస్ట్రోజన్‌ను గుర్తించే ముఖ్య గ్రాహకమే లేదు. మరి వార్త ఎవరు చెబుతున్నారు?

జవాబు అనుకోని చోట దొరికింది. 1996లో అమెరికాలోని హెర్షీ పట్టణంలో కాన్సర్ వ్యాప్తిని అడ్డుకునే ఒక జన్యువును కనుగొన్నారు. ఆ ఊరు 'కిస్' అనే చాక్లెట్లకు ప్రసిద్ధి. ఆ ముచ్చటతో జన్యువుకు అదే పేరు పెట్టారు. అది పుట్టించే పదార్థం కిస్‌పెప్టిన్. దాని అసలు పని 2003లో తెలిసింది. యౌవనం రాని కొన్ని కుటుంబాలను ఫ్రాన్సులోను, అమెరికాలోను వేర్వేరుగా పరిశోధిస్తే, కిస్‌పెప్టిన్‌ను అందుకునే గ్రాహకంలో లోపం కనబడింది. కిస్‌పెప్టిన్ కణాలకు ఈస్ట్రోజన్ గ్రాహకం ఉన్నది. వార్తను మోసేవి ఇవే.

హైపోథలామస్‌లోని ఒక చోట ఈ కణాలు కిస్‌పెప్టిన్‌తో పాటు మరి రెండు పదార్థాలను కూడా తయారుచేస్తాయి. న్యూరోకైనిన్-బి ఎద్దును అదిలించే ములుకోల వంటిది. డైనార్ఫిన్ పగ్గం వంటిది. ఒకటి కణాలన్నిటినీ కలిపి ఉరికిస్తుంది, మరొకటి నిలుపుతుంది. ఈ అదిలింపు, నిలుపుదల ఒకదాని వెంట ఒకటి జరగడమే ఆ గంట మోత.

నలభై అయిదు దాటిన గృహిణులకు ఇందులో ఒక సంగతి దగ్గరగా తోస్తుంది. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజన్ తగ్గడంతో ఈ కణాలు అదుపు తప్పి విజృంభిస్తాయి. శరీర ఉష్ణాన్ని కాపాడే కేంద్రాన్ని అవి కదిలించడం వల్ల ఒళ్ళంతా వేడి ఆవిర్లు, చెమటలు వస్తాయి. న్యూరోకైనిన్ పనిని అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికా అనుమతినిచ్చింది. కాలేయానికి హాని కలగవచ్చునని 2024లో దానికి తీవ్రమైన హెచ్చరికను జోడించింది. "అదంతా నీ ఊహ" అని ఇంట్లో తీసిపారేయబడిన బాధకు మెదడులో స్థానమున్నదని తెలియడమే చాలామంది తల్లులకు ఊరట.

ఇంట్లో గింజలున్నాయా?

బుద్ధిగల గృహిణి ఇంట్లో ధాన్యం నిండుకున్నప్పుడు పెళ్ళి ముహూర్తం పెట్టించదు. మెదడు కూడా అంతే. శరీరంలోని కొవ్వు నుండి లెప్టిన్ అనే హార్మోను వెలువడుతుంది. దీనిని 1994లో కనుగొన్నారు. నిల్వలున్నాయని మెదడుకు తెలియజేసేది అదే. తిండి తగ్గి, శ్రమ పెరిగి, మనస్సు నలిగినప్పుడు మెదడు ఆ గంటను నెమ్మదింపజేస్తుంది, ఒక్కోసారి ఆపివేస్తుంది.

ఈ మధ్య నా వద్దకు వస్తున్న అమ్మాయిలలో ఇదే చూస్తున్నాను. హాస్టలులో చేరి పోటీ పరీక్షలకు చదువుతారు. ఉదయం తినరు, లావవుతామని రాత్రి తినరు, నాలుగు గంటలు నిద్రపోతారు. బహిష్టు మూడు నాలుగు నెలలుగా రాలేదని తల్లి కంగారుపడి ముట్టు రప్పించే కషాయం అడుగుతుంది. గర్భం, థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని పరీక్షలలో తేలిన తరువాత అటువంటి పిల్లకు నేను వ్రాసే మొదటి మందు మూడు పూటల అన్నం. పప్పు, నెయ్యి, పెరుగు, పాలు, నువ్వులుండ, రాత్రి పది గంటలకు దీపం ఆర్పడం. గుణం రావడానికి నెలలు పడుతుంది, వారాలలో రాదు. అంతవరకు ఓపిక పట్టాలి. ఈస్ట్రోజన్ లోపిస్తే ఎముకలు కూడా బలహీనపడతాయి కాబట్టి "పరీక్షలయ్యాక చూద్దాం" అనడం తగదు.

బాలింతలో ముట్టు ఆలస్యం కావడం మాత్రం రోగం కాదు. బిడ్డ పాలు తాగుతున్నంతకాలం పెరిగే ప్రొలాక్టిన్ హార్మోను కిస్‌పెప్టిన్‌ను అణచి గంటను నెమ్మదింపజేస్తుంది. బిడ్డకు ఆరు నెలలు నిండక, రేయింబవళ్ళు తల్లిపాలే ఇస్తూ, ముట్టు తిరిగి రాకుండా ఉంటే గర్భం రాకుండా 98 శాతం రక్షణ ఉంటుందని 1988లో ఇటలీలోని బెలాజియోలో సమావేశమైన నిపుణులు తేల్చారు. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణ ఉన్నదనుకోరాదు.

పశువులలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. చలిదేశాల గొర్రెలు రాత్రి నిడివి పెరిగిందని మెలటోనిన్ ద్వారా తెలుసుకొని శరదృతువులో ఎదకు వస్తాయి. అయిదు నెలలకు, పచ్చిక మొలిచే వేళకు ఈనుతాయి. కుందేలు, పిల్లి జతకూడిన తరువాతనే అండాన్ని విడుదల చేస్తాయి. ఆ స్పర్శే వాటి మెదడుకు గంట. మన గేదె మండు వేసవిలో మూగ ఎదకు వస్తుందని, చెరువులో పడుకోబెట్టి చల్లబరచాలని రైతులకు తెలుసు.

మన శాస్త్రం మాట

శుక్రధాతువు ఏదో ఒక అవయవానికి పరిమితమైనది కాదని, సర్వశరీరంలో వ్యాపించి ఉన్నదని సుశ్రుతాచార్యులు చెప్పారు. గర్భధారణకు సహాయపడే వానిలో ప్రసన్నమైన మనస్సుకు చరకాచార్యులు అగ్రస్థానమిచ్చారు. శిరస్సులోని ప్రాణవాయువు చెడితే క్రింది అపానవాయువు గతి తప్పుతుందని మా గురువుగారు పదే పదే చెప్పేవారు. ఋషులకు జి.ఎన్.ఆర్.హెచ్. తెలుసునని నేను చెప్పను. అట్లా చెప్పడం ఋషులకూ గౌరవం కాదు, శాస్త్రజ్ఞులకూ గౌరవం కాదు. మనిషిని ముక్కలుగా కాక మొత్తంగా చూడమని మాత్రం వారు చెప్పారు. ఆ పిల్లవాని విషయంలో నేను తప్పినది సరిగ్గా అక్కడే.

గృహస్థులు గమనించవలసినవి

1. అమ్మాయికి 13 ఏళ్ళు నిండినా స్తనాలు ఏర్పడకపోయినా, 15 ఏళ్ళు నిండినా రజస్వల కాకపోయినా, అబ్బాయికి 14 ఏళ్ళు నిండినా వృషణాలు పెరగడం మొదలుకాకపోయినా హార్మోన్ల నిపుణుని చూడండి. చాలామందిలో అది ఆలస్యమే కావచ్చు, కాని తేల్చవలసినది పరీక్ష.

2. అమ్మాయికి 8 ఏళ్ళలోపు, అబ్బాయికి 9 ఏళ్ళలోపు యౌవన లక్షణాలు కనబడినా అంతే.

3. యౌవనం ఆలస్యమైన బిడ్డకు కళ్ళు మూసి కాఫీ పొడి, యాలకులు, మల్లెపూలు వాసన చూపండి. కర్పూరం, మిరప ఘాటు ఈ పరీక్షకు పనికిరావు. పసితనంలో వృషణాలు దిగకపోవడం, ఒకే మూత్రపిండం ఉండడం వంటివి ఉంటే వైద్యునికి తప్పక చెప్పండి.

4. క్రమంగా వచ్చే బహిష్టు మూడు నెలలు ఆగితే కషాయాలతో కాలయాపన చేయకండి.

5. మగతనం పెంచుతామని అమ్మే పేరులేని పొడులు, సూదిమందులు వాడకండి. బయటి నుండి టెస్టోస్టిరాన్ పుచ్చుకుంటే మెదడు తన గంటను ఆపుతుంది. శుక్రకణాలు తగ్గిపోతాయి.

ఆ పిల్లవాడికి నిపుణులు టెస్టోస్టిరాన్ సూదిమందుతో చికిత్స ప్రారంభించారు. సంతానం కావాలనుకున్నప్పుడు దానికి బదులు పీయూష గ్రంథి హార్మోన్ల సూదిమందులు ఇవ్వవచ్చునని చెప్పి పంపారు. నేను ఆ తండ్రికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన, "మీరు పంపబట్టే కదా తెలిసింది" అన్నారు. అది ఆయన మంచితనం. రెండేళ్ళ ముందే పంపవలసినవాణ్ణి నేను.

ఏడాది గడిచిన తరువాత ఒక సాయంత్రం వైద్యశాలకు ఫోను వచ్చింది. గంభీరమైన మగ గొంతు. "నమస్కారమండీ, బాగున్నారా?" అన్నది. ఎవరో పెద్దమనిషి అనుకొని, "ఎవరండీ మాట్లాడేది?" అని అడిగాను. అవతల నవ్వు వినబడింది. తన పేరు చెప్పాడు. ఏమి మాట్లాడాలో నాకు వెంటనే తోచలేదు.

ఆనాటి నుండి నా వద్దకు ఏ బాధతో ఎవరు వచ్చినా, నాడి పట్టుకునే ముందు అడుగుతున్నాను: "వాసన బాగా తెలుస్తున్నదా నాయనా?"